బండి బాగుంది

ముందు ముద్ర చప్పుడు వినిపించింది. మూసిన తలుపు అవతల ఎవరో కాగితం మీద కాగితం పెట్టి కొడుతున్నారు. ఠప్. కొంత నిశ్శబ్దం. మళ్ళీ ఠప్. వసారాలో బెంచీ మీద కూర్చున్న డ్రైవరు వింటున్నాడు, విననట్టూ ఉన్నాడు. సస్పెండై ఐదు నెలలు. విచారణకు ఇది నాలుగో వాయిదా, చివరిది.

"ఇవాళైనా నోరు విప్పవయ్యా," అంది పక్కన భార్య. "ఆయన పెన్షను కోసం మన పొయ్యి ఆర్పుకుందామా?"

అతను చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

బస్సు డిపోలో ఒక పద్ధతుంది. బండి తీసేముందు దాని స్థితి డ్రైవరే రిజిస్టరులో రాయాలి. లోపం రాస్తే బండి ఆగుతుంది. బండి ఆగితే అతని హాజరూ ఆగుతుంది. అందుకని లోపం మెకానిక్ చెవిన వేస్తారు, పుస్తకంలో "బండి బాగుంది" అని రాస్తారు. మేనేజరుకు కావలసిందీ అదే. పంతొమ్మిదేళ్ళుగా ఇతను ఆ రెండు మాటలే రాశాడు.

ఆ రోజూ అంతే. బ్రేకు దిగిపోతోందని నూనెమామతో చెప్పాడు. జీతం చీటీ మీద తప్ప మెకానిక్‌కు ఇంకెక్కడా వేరే పేరు లేదు. "బండికి ఆరు చక్రాలు, నాకు రెండే చేతులు. ఒక్క ట్రిప్పు లాగించెయ్ అల్లుడూ, మధ్యాహ్నం చూస్తా," అన్నాడు మామ. రెండో మలుపులో పెడల్ నేలకు తాకింది. బండి బస్టాపు గోడను కొట్టింది. ఒక పెద్దావిడ చెయ్యి విరిగింది. పుస్తకం తెరిస్తే, డ్రైవరు దస్తూరీలో, బండి బాగుంది.

లోపలికి పిలిచారు. అధికారి పక్కన మేనేజరు కూర్చున్నాడు. గోడవారగా, సాక్షిగా, నూనెమామ నిలబడ్డాడు. తనకెవరూ ఏమీ చెప్పలేదని మొదటి వాయిదాలోనే అతను సంతకం చేశాడు. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

ఎవరికి చెప్పావో పేరు చెప్పమని అధికారి నాలుగోసారి అడిగాడు.

"చెప్పానండి. అంతే."

పేరు లేనిదే రుజువు లేదన్నాడు అధికారి. ఉద్యోగం తీసేసే కాగితం మీద కొట్టడానికి గుమాస్తా ముద్ర ఎత్తాడు. డ్రైవరుకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఎదుటి కుర్చీ వీపును మాత్రం స్టీరింగులా పట్టుకుని ఉన్నాడు.

"ఆగండి," అన్నాడు నూనెమామ.

మేనేజరు తల తిప్పాడు. "నీ సంతకం అయిపోయిందిగా?"

"మీరు రాసి తెస్తే పెట్టానండి. ఇంక పెట్టను. బ్రేకు సంగతి అల్లుడు నాకే చెప్పాడు. రాసుకోండి."

గుమాస్తా చెయ్యి గాలిలోనే ఆగింది. నీ పేరేమిటని అడిగాడు అధికారి.

ముసలాయన నల్లబడ్డ గోళ్ళను చొక్కాకు తుడుచుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో డ్రైవరు ఒక్కసారైనా వినని పేరును, ఇంటిపేరుతో సహా, గదంతా వినబడేలా చెప్పాడు.