పుష్పమ్మ సాక్ష్యం

గల్ఫులో యుద్ధం అయిపోయిందని పుష్పమ్మ నమ్మడానికి చాలా రోజులే పట్టింది. అది అంతకుముందు కూడా రెండు మూడుసార్లు అయిపోయింది మరి. టీవీలో పెద్దపెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చోవడం, సంతకాలు పెట్టడం, చేతులు కలపడం, తెల్లారేసరికి మళ్ళీ ఎక్కడో బాంబులు పడడం. ఈసారి మాత్రం పడలేదు. మండల కేంద్రం పుల్లలచెరువు దుకాణాల్లో నూనె ధర కాస్త దిగింది. డీజిలు దొరుకుతోంది గనక పల్లెకు నీళ్ళ ట్యాంకరు మళ్ళీ రోజూ వస్తోంది. ఆ అడవి అంచు పల్లెకు శాంతి వచ్చిన సంగతి ముందు తెలిసింది ట్యాంకరు వల్లే. జనం పెద్దగా సంబరపడలేదు. జ్వరం దిగిన మనిషి లేచి కూర్చున్నట్టు కూర్చున్నారు, అంతే.

ఆ తర్వాత కొడుకు బెన్నీ ఫోను చేశాడు. విమానాలు తిరుగుతున్నాయట, బుధవారానికి ఊరు చేరతాడట.

కన్నకొడుకు గల్ఫు నుంచి ప్రాణాలతో వస్తుంటే ఏ తల్లయినా వీధి వీధంతా చెప్పుకుంటుంది. పుష్పమ్మ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఇంటికి రావద్దులే నాయనా. అట్నించి అట్నే కనిగిరికి పో. పిన్నమ్మ కాడ ఉండు. నేనే వచ్చి చూస్తా" అంది.

"ఏందిమా? రెండేండ్ల తర్వాత వస్తా ఉంటే ఇంటికి రావద్దంటావేంది?"

ఎదురింట్లో సునీత బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

సునీత మొగుడు అశోక్, బెన్నీ ఒకే రోజు బస్సెక్కారు. అక్కడ ఒకే ఓడరేవులో పని, ఒకే గది. కిందటేడు యుద్ధం ఆ రేవు దాకా వచ్చి, పనివాళ్ళు పడుకునే షెడ్ల మీద క్షిపణి పడిందని టీవీలో చెప్పారు. అప్పుడు ఈ ఇద్దరాడవాళ్ళూ తిండీ తిప్పలూ లేకుండా ఒకే చాప మీద కూర్చుని ఫోను వంక చూశారు. చివరికది మోగింది. బెన్నీ గొంతు వినగానే పుష్పమ్మకు ఒళ్ళు తెలియలేదు. "బతికినాడు! నా బిడ్డ బతికినాడు! దేవా, నీకు స్తోత్రం!" అని వీధి అదిరేలా కేక పెట్టింది. సునీత ఆమెను వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది. ఒకడు బతికితే ఇద్దరూ బతికినట్టేనని ఆ పిల్ల అనుకుంది. వాళ్ళెప్పుడు విడిగా ఉన్నారు గనక! సునీత ఆ కౌగిలిలో ఉండగానే బెన్నీ మిగతా మాట చెప్పాడు.

ఆ తర్వాత సునీత పుష్పమ్మను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండు తిట్లు తిట్టినా తల వంచుకుని పడేది. తిట్టకపోవడంతోనే వచ్చింది చిక్కంతా. అశోక్ శవం రాలేదు, అక్కడే మట్టి చేశారు. ఊళ్ళో ఆదరణ కూడిక పెట్టి ఫొటో ముందు పాటలు పాడారు. అప్పటి నుంచి పుష్పమ్మ చర్చిలో స్తోత్రం అనాల్సి వస్తే పెదాలు కదిపి ఊరుకుంటోంది. ఇక కొడుకును ఆ పిల్ల గుమ్మం ముందు నుంచి నడిపించి ఇంట్లోకి తెచ్చుకోవడమా? ఆమె వల్ల కాదు.

ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక జరిగింది. పాస్టరు ఇమ్మానుయేలు గారు మంచివాడే, కాకపోతే కడుపులో మాట దాగదు. బెన్నీ వస్తున్నాడని కనిగిరి పిన్నమ్మ ఆయనకు ఫోనులో చెప్పేసింది. ప్రసంగం ముగించి, "దేవుడు లోకానికి శాంతి సమాధానాలు దయచేశాడు. మన పుష్పమ్మకు బిడ్డను తిరిగి ఇస్తున్నాడు. ఆ తల్లి ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది" అని ప్రకటించాడు.

సాక్ష్యానికి పిలిచాక లేవకపోవడం ఆ చర్చిలో లేదు. తప్పిపోయిన మేక దొరికినా, పిల్లాడు పరీక్ష పాసైనా, నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలి. విన్నవాళ్ళు ఆమెన్ అనాలి. పుష్పమ్మ లేచింది. ఆడవాళ్ళ చాపల్లో ముందు వరుసలోనే సునీత ఉంది. 'నా బిడ్డను కాపాడిన దేవునికి' అని మొదలుపెట్టాలి. కాపాడాడు, నిజమే. మరి ఆ పిల్ల మొగుణ్ణి? అతని కోసం చేసిన ప్రార్థన ఏం తక్కువైంది? ఏడాదిగా నలుగుతున్న ఆ ప్రశ్నే మళ్ళీ అడ్డం వచ్చింది.

"యుద్ధం ఐపోయింది" అంది. "ఐపోయిందంట" అని కూర్చోబోయింది.

"ఉండత్తా" అంటూ సునీత లేచింది. "బెన్నీ కనిగిరికి ఎందుకు పోవాల? నాకు తెలీదనుకున్నావా? మీ చెల్లెలి నోరు అయ్యగారి కాడే ఆగుతాదా?"

"వాన్ని చూస్తే నీకు కష్టమైతాదనే అమ్మా" అంది పుష్పమ్మ.

"కష్టమే. ఎందుకు కాదు?" అంది సునీత. "ఆ పొద్దు నీ మీద చానా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అట్లని వాన్ని నాకు చూపియ్యకుండా దాపెడతావా? నా మొగునికి కడాకి నోట్లో నీళ్ళు పోసింది వాడు. మట్టి ఏసింది వాడు. ఏడ పెట్టినారో, మొహం ఎట్లుందో, వాడు గాక నాకెవురు చెప్తారు? ఫోన్లో అడిగే మాటలా ఇయ్యి?"

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారికి ఏ పాట ఎత్తుకోవాలో తోచలేదు.

తన కొడుకు కనబడితే ఆ పిల్లకు పుండు మీద కారం చల్లినట్టేనని ఏడాదిగా అనుకుంటోంది పుష్పమ్మ. అశోక్‌ను చివరిసారి చూసినవాడు బెన్నీయేనన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. సిగ్గేసింది. చాపలు దాటుకుంటూ వచ్చి సునీత పక్కన నిలబడింది.

"బుధవారం పొద్దుగూకే బస్సుకు దిగుతాడు. రోడ్డు కాడికి వస్తావా నాతో?"

"నేను రాను. నువ్వే పోయి తోలుకురా. ముందు మా ఇంట్లో కూచోవాల వాడు. నేనడిగేవన్నీ చెప్పాల. ఎంత పొద్దుపోయినా సరే. నువ్వు మాత్రం లోపలికి రావద్దత్తా. నీ ముందర వాడు కొన్ని చెప్పలేడు."

రెండేళ్ళుగా ఎదురుచూసిన కొడుకు కోసం, వాడు ఎదురింట్లో ఉండగా ఇంకో రాత్రి ఎదురుచూడాలి. పుష్పమ్మ సరేనంది.