తొమ్మిది రెక్కలు, తొమ్మిది సంచులు

టైలర్ హాల్లో స్టూలెక్కి తల పైకెత్తాడు.

ఫ్యాన్ రెక్క అంచు పొడవునా దుమ్ము పేరుకుని, గొంగళిపురుగులు బారులు తీరినట్టు వేలాడుతోంది. ఊపిరి వదిలితే కదులుతోంది. మోటారు గిన్నె చుట్టూ ఏదో జిగురు కారి గడ్డకట్టింది. అందులో రెండు దోమలు, ఒక బల్లి రెట్ట, ఎవరివో తల వెంట్రుకలు. రెండేళ్లుగా అతను దీని కిందే కూర్చుని అన్నం తిన్నాడు. కంచంలో ఏం రాలిందో, ఎంత రాలిందో ఇప్పుడు లెక్క తేలదు.

ఆ ఇంట్లో ఫ్యాన్లు తుడిచే పని భార్యది. తడిగుడ్డ పట్టుకుని రెండు నెలలకోసారి ఆమే స్టూలెక్కేది. ఆయాసం మొదలయ్యాక మానేసింది. ఆమె వదిలేసిన పనిని ఇంకెవరూ ఎత్తుకోలేదు. ఇంకెవరూ అంటే టైలర్ ఒక్కడే.

ఆమె ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రి నుంచి వస్తోంది. పన్నెండు రోజులుంది అక్కడ. మొదటి మూడు రోజులు ముక్కుకి గొట్టంతోనే ఉంది.

నిన్న డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచి, "ఇంట్లో ఇంత దుమ్ము ఎక్కడినుంచి వస్తోంది?" అని అడిగింది.

"మాది రోడ్డు పక్క ఇల్లండీ" అన్నాడు టైలర్.

"మీరేం పని చేస్తారు?"

"బట్టలు కుడతాను. కానీ నా గది వేరు. తలుపేసుకునే కుడతాను. నా గుడ్డల నూగు నా గడప దాటదు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసి, "ఆవిడ పడుకునే గదిలో నూగు అన్నది ఉండకూడదు. ఇంకోసారి ఇలా వస్తే మళ్లీ ఇంటికి పంపుతానని మాటివ్వలేను" అంది.

బావమరిది పక్కనే నిలబడి విన్నాడు. అతను కరెంటు పనివాడు, వీధి చివర చిన్న షాపు ఉంది. అక్క అంటే ప్రాణం. బావ అంటే కూడా ప్రాణమే గానీ, తియ్యడానికి.

"అక్కని మా ఇంటికి తీసుకెళ్తా బావా" అన్నాడు.

"ఎందుకు? ఆవిడకి ఇల్లు లేదా?"

"ఉంది. అదేగా ఈ రోగం."

ఆస్పత్రి వరండాలోనే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. చివరికి బావమరిదే దిగొచ్చాడు. తెల్లారి పదింటికి వస్తాడు. మూడు ఫ్యాన్లూ విప్పి కడుగుతారు. పడగ్గదిలో కుట్టుపని నూగు ఒక్క పోగు కనబడినా అక్క అతనితోనే వెళ్తుంది. కనబడకపోతే ఇంటికి వస్తుంది.

"కనబడదు" అన్నాడు టైలర్.

"నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అన్నాడు బావమరిది.

ముట్టుకోవద్దంటే ఆగే మనిషి కాదు టైలర్. ఏ పనికైనా కుట్టుతోనే దారి వెతుకుతాడు. ఇవాళ ఎనిమిదింటికే మిషన్ ముందు కూర్చుని, లైనింగు గుడ్డతో పొడుగాటి సంచులు తొమ్మిది కుట్టేశాడు. మూతికి బొందు కూడా పెట్టాడు. రెక్కకి సంచి తొడగడం, బొందు బిగించడం, మరలు విప్పడం, రెక్కని దించడం. ఒక్క పీచు కింద పడదు, కంట్లో పడదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని, తడుముకుంటూ మూడు గదుల్లోనూ తొమ్మిది రెక్కలు దించాడు. మొదటి ఫ్యాన్ ఒక్కదాన్నే తేరిపారా చూశాడు, అది హాల్లోది. ఆ తర్వాత చూసే ధైర్యం చెయ్యలేదు. సంచుల్ని తీసుకెళ్లి స్నానాలగది గోడకి వరసగా ఆనించాడు.

పదింటికి వచ్చిన బావమరిది ఆ వరస చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంటిది? ఫ్యాన్ రెక్కలకి లాగూలు కుట్టావా?"

"తెలివిరా. నేల మీద ఒక్క పోగు కనబడితే చూపించు."

"తెలివే. ఇందులో ఏది ఏ ఫ్యాన్‌దో చెప్పు."

టైలర్ వరస వంక చూశాడు. తొమ్మిది సంచులూ ఒకే గుడ్డ, ఒకే కొలత, ఒకే కుట్టు.

"అదేంటి, ఏదైతేనేం? అన్నీ రెక్కలేగా."

"మూడు రెక్కలూ ఒకే బరువుంటాయి బావా. జోడు చూసి బిగిస్తారు. ఒకదాని రెక్క ఇంకోదానికి తగిలించావనుకో, ఫ్యాన్ ఊగుతుంది. ఊగి ఊగి ఒకరోజు అక్క మీదికే దిగుతుంది. నువ్వు ఒకడి చొక్కాకి ఇంకొకడి చెయ్యి తగిలిస్తావా?"

టైలర్ ఒక్క క్షణం తడబడ్డాడు గానీ మాట వదల్లేదు. "విప్పితే తెలుస్తుందిరా. వంటింటి పక్కనుంది కాబట్టి హాల్లోవి జిడ్డుగా ఉంటాయి. నా గదివి రంగుగా ఉంటాయి. పడగ్గదివి వట్టి దుమ్ము. కడిగేలోగా వేరు చేస్తాలే, నువ్వు మోటార్ల సంగతి చూడు."

బావమరిది కిరసనాయిలు డబ్బా, గుడ్డపీలికలు తీసుకుని హాల్లోకి వెళ్లాడు. టైలర్ స్నానాలగదిలో పీట వేసుకుని మొదటి సంచి బొందు లాగాడు.

జిడ్డు వాసన గుప్పున కొట్టింది. రెక్కంతా నల్లగా, మాడిన నూనెలో ముంచి తీసినట్టుంది. వేలు పెడితే వేలు అంటుకుంది, లాగితే తీగలా సాగింది. ఇది హాల్లోది. పక్కన పెట్టాడు. ఆ వాసన పట్టి వెతికితే మూడో సంచిలో ఒకటి, ఎనిమిదో సంచిలో ఒకటి, జిడ్డువి మూడూ దొరికాయి. అనుకున్నట్టే జరుగుతోంది.

రెండో సంచి విప్పాడు. రెక్క మీద వేలెడు మందాన ఆకుపచ్చ నూగు. పట్టులా మెరుస్తోంది, నీటిగుంట మీద నాచులా మెత్తగా ఉంది. తనకి బాగా తెలిసిన ఆకుపచ్చ. కిందటేడు నాటకశాలకి ముఖమల్ తెరలు కుట్టాడు. రెండు నెలల పని. కత్తెర పెట్టిన ప్రతిచోటా ఆ గుడ్డ పొడిపొడిగా రాలేది. ఇది తన గదిది.

నాలుగోది ఆకుపచ్చ. అయిదోది ఆకుపచ్చ. మూడయ్యాయి. తన గది లెక్క సరిపోయింది. ఇక మిగిలినవి పడగ్గదివి.

ఆరో సంచి విప్పాడు. ఆకుపచ్చ.

ఏడు, తొమ్మిది గబగబా లాగేశాడు. రెండూ ఆకుపచ్చే. అంతే మందం, అంతే మెరుపు. ఆరు రెక్కలూ పక్కపక్కన పెడితే ఏది ఎక్కడిదో చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. ఒక్క ఏడోదాని మీద మాత్రం నూగులోపల పొడుగాటి వెంట్రుక ఒకటి చుట్టుకుపోయి ఉంది. సగం నలుపు, సగం తెలుపు. వేలికి చుట్టి లాగితే దానితోపాటు ఆకుపచ్చ ముద్ద ఊడి వచ్చి, తడి అరచేతిలో పడి, నలిగిన పురుగులా అతుక్కుంది.

అరచేతిని గోడకేసి రుద్దాడు. పోలేదు.

ఆ మంచం మీద ఆమె వెల్లకిలా, నోరు తెరిచి పడుకునేది. ముక్కుతో గాలి ఆడేది కాదు.

"తేలిందా బావా?" హాల్లోంచి కేక.

టైలర్ బకెట్టు వైపు చూశాడు. నిండా నీళ్లు, సబ్బు నురుగు. ఆరు రెక్కల మీద ఒక్కసారి కుమ్మరిస్తే ఆకుపచ్చంతా కాలవలోకి పోతుంది. చూసినవాడు తనొక్కడే. మూడింటికి ఆమె శుభ్రమైన ఇంటికి వస్తుంది. అందులో తప్పేముంది?

"తేలింది" అన్నాడు. బకెట్టు ఎత్తాడు.

అప్పుడే కిటికీ గట్టు మీద ఫోన్ మోగింది. చేతులు బాగోలేవు. మోచేత్తో తాకి, స్పీకరు పెట్టాడు.

"ఏవండీ, ఇక్కడ కాగితాల పని అప్పుడే అయిపోయింది. ఆటో ఎక్కమంటారా?" అంది భార్య. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. ఆ పీల్పు చివర సన్నగా ఈల.

బకెట్టు కింద పెట్టాడు.

"ఎక్కు. ఇక్కడికి మాత్రం రావద్దు."

అవతల ఈల ఒక్కటే వినిపించింది.

"మీ తమ్ముడింటికి వెళ్లు. మన పడగ్గది ఫ్యాన్ మీద ఆకుపచ్చగా ఉంది."

"ముఖమలేనా?" అంది ఆమె, కూర ఏం వండారన్నంత మామూలుగా.

"నీకు తెలుసా?"

"నా ముక్కు నాకు తెలియదా? మీరు తెరలు కుట్టినన్నాళ్లూ ముక్కు చీదితే రుమాలు ఆకుపచ్చ. దానికి ముందు దుప్పట్ల పనప్పుడు ఎరుపు. కొత్త పని ఏం ఒప్పుకున్నారో మీరు చెప్పకముందే నాకు రుమాల్లో తెలిసేది."

టైలర్ తువ్వాలు పైకి లాక్కుని నోరు మూసుకున్నాడు.

"మరి చెప్పవేం?"

"మొదట్లో చెప్పాను. రోడ్డు దుమ్మన్నారు. ఆకుపచ్చ రోడ్డు ఎక్కడుందో మరి, నాకు కనబడలేదు."

"గట్టిగా అడగాల్సింది."

"అడిగితే మిషన్ ఆపేస్తారు. ఆపేసి ఇల్లంతా నా వెనకే తిరుగుతారు. ఆయాసమే నయమనుకున్నా." ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. ఆ దగ్గు అయ్యేదాకా ఇద్దరూ ఆగారు. "సరే, తమ్ముడింట్లోనే ఉంటా. రెక్కలు కడిగి బిగించాక ఫ్యాన్ కింద తెల్లబట్ట పరచండి. రోజంతా తిప్పండి. బట్ట మీద రంగు పడని రోజు వస్తాను."

ఫోన్ పెట్టేసింది. టైలర్ తలతిప్పి చూస్తే గుమ్మంలో బావమరిది. ఎప్పుడొచ్చాడో, మొత్తం విన్నాడు. దెప్పుతాడేమోనని టైలర్ ఎదురుచూశాడు. దెప్పితే బాగుండునని కూడా అనుకున్నాడు. బావమరిది వంగి ఏడో రెక్క మీద వేలు ఆనించి చూసుకుని, మొహం అటు తిప్పేసుకున్నాడు.

"మిషన్‌కి ఆ పక్క పట్టు" అన్నాడు టైలర్.

"ఎక్కడికి?"

"నీ షాపు వెనక సగం ఖాళీయేగా."

"ఇస్తానన్నానా?"

"అక్కని తీసుకెళ్తావు, మిషన్ పనికిరాదా?"

"అక్క ఓ మూల కూర్చుంటుంది. మిషన్‌తో నువ్వు వస్తావు. రోజంతా నా నెత్తిన కూర్చుని వాగుతావు. వచ్చినవాళ్లు ఫ్యూజులు కొనకుండా పారిపోతారు."

అంటూనే రెండో పక్క పట్టాడు. ఇద్దరూ కలిసి మిషన్ లేపారు. దాని కింద నేల కనబడలేదు. ఏళ్ల తరబడి తొక్కీ తొక్కీ, చెమటా నూనే ఇంకి, నూగు చాపలా గట్టిపడి ఉంది. మిషన్ కాళ్లకి అతుక్కుని ఒక అంచు లేచింది. లేచినచోట తడి, తడిలో బొద్దింక గుడ్లు. బావమరిది మిషన్ దించేసి బయటికి పరుగెత్తి, మెట్ల దగ్గర వంగుని కక్కాడు.

"నువ్వు మనిషివేనా బావా" అన్నాడు లోపలికి వచ్చి, మూతి తుడుచుకుంటూ.

టైలర్ మోకాళ్ల మీద కూర్చుని, ఆ చాపని గోళ్లతోనే ఊడబీకడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి మిషన్ షాపుకి చేరింది. కడిగిన ఆరు రెక్కల్నీ వంటింటి త్రాసులో తూచి, బరువుని బట్టి మూడేసి చొప్పున బావమరిదే జతచేశాడు. బిగించాక రెండు ఫ్యాన్లూ ఊగలేదు.

తెల్లబట్ట మీద మొదటి రోజు ఆకుపచ్చ రాలింది. రెండో రోజు కూడా రాలింది. టైలర్ గోడలు తుడిచాడు, కిటికీ తెరలు ఉతికాడు, బీరువా వెనక్కి చెయ్యి పెట్టి పిడికిళ్లతో నూగు తీశాడు. తీసిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. కడుక్కున్నాక కూడా అన్నం చెంచాతోనే తిన్నాడు. ఆరో రోజు పొద్దున బట్ట తెల్లగా ఉంది. సాయంత్రం కూడా తెల్లగానే ఉంది. కళ్లజోడు పెట్టుకుని, మడతమడతా వెలుతురుకి పట్టి చూశాడు. ఒక్క పోగు లేదు.

ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోయి ఆగాడు. మంచం వైపు చూశాడు. దుప్పటి తీసి, పరుపు మీద అరచేత్తో ఒక్కటి వేశాడు.

కిటికీ ఎండలోకి ఎర్రటి పొగ లేచింది.

చూసేవాళ్లు ఎవరూ లేరు. బట్ట తెల్లగానే ఉంది. ముక్కు మూసుకుని, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు నంబరు నొక్కాడు.

"బట్ట ఎలా ఉంది?" అంది భార్య. నిన్నటికంటే ఊపిరికి ఒక మాట ఎక్కువ అనగలుగుతోంది.

"తెల్లగా ఉంది. కానీ నువ్వు ఇవాళ రావద్దు. పరుపు కొట్టాను."

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటి."

"బయట ఎండలోకి లాగి కొట్టండి. ఫోన్ పెట్టెయ్యకండి, నేను వింటాను."

టైలర్ ఫోన్‌ని జేబులో వేసుకుని, పరుపుని రెండు చేతులా పట్టి గుమ్మం వైపు లాగాడు.