పిట్టగోడ మీద సబ్బు

బేసిన్‌లో తెడ్డు ఒకే వైపుకి తిరుగుతోంది. మధ్యలో చెయ్యి మార్చినా ఫరవాలేదు గానీ, దిక్కు మారిస్తే నూనె విరిగిపోతుందని మగ్దలేనమ్మ నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ పట్టుకొచ్చిందో ఆవిడకే గుర్తులేదు. కాస్టిక్ సోడా ఆవిరి తగలకుండా చీర చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, పెరట్లో పీట మీద కూర్చుంది. బక్కపలచటి మనిషి. మోచేతుల దాకా చిన్న చిన్న తెల్లమచ్చలు, ఎప్పుడెప్పుడో సోడా చుక్కలు పడి కాలినవి. చెయ్యి లాగుతున్నా తిప్పడం ఆపలేదు.

నూజివీడులో మామిడికాయకి గిరాకీ, పండుకి గిరాకీ, తాండ్రకీ గిరాకీయే. టెంకని మాత్రం పట్టించుకునే నాథుడు లేడు. ఆ దిక్కులేని టెంకల్ని తాండ్ర వేసేవాళ్ళ దొడ్లలోంచి తట్టకెత్తుకుని తెచ్చి, పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి దంచుతుంది. కొబ్బరినూనె, వేపనూనె కలిపి సోడా నీళ్ళు పోసి తిప్పి, చివర్న ఆ పొడి చల్లుతుంది. తయారైన సబ్బు బెల్లం అచ్చులా ఉంటుంది. టీవీలో చూపించే సబ్బుల్లా నురగ రాదు, సినిమాతారలెవరూ దాంతో స్నానం చెయ్యరు. అయినా ఊళ్ళో చంటిపిల్లల తల్లులు వెతుక్కుంటూ వస్తారు. భర్త సవరయ్య పోయాక ఆ గుమ్మంలోకి మనుషులు వస్తున్నారంటే ఆ సబ్బు కోసమే.

కోసిన సబ్బు వెంటనే పనికిరాదు. వారాల తరబడి గాలికి ఆరాలి. ఆరిందో లేదో నాలుకతోనే తెలుస్తుంది. కొస తాకిస్తే చురుక్కుమందా, ఇంకా సోడా చావలేదన్నమాట. మగ్దలేనమ్మ నాలుక పొగాక్కాడలు, సున్నం నమిలి నమిలి ఏనాడో మొద్దుబారిపోయింది. అందుకే మొదటినుంచీ ఆ పని గోడ అవతలి వాటాలో ఉండే తోడికోడలు జోజమ్మది. ఆవిడా విధవే, ఆవిడా ఒంటరిదే.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు. ఒకసారి సబ్బు ఇంకా మండుతోందని జోజమ్మ వరసగా మూడుసార్లు తిప్పికొడితే మగ్దలేనమ్మకి ఒళ్ళు మండి, నలుగురూ వింటుండగా, “నీ నాలుక లేకపోతే నా సబ్బు ఆగిపోద్దా?” అనేసింది. ఆ రోజు నుంచీ జోజమ్మ మాట్లాడటం మానేసింది. రుచి చూడటం మాత్రం మానలేదు. పిట్టగోడ మీద పెట్టిన సబ్బుని లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి అక్కడే పెడుతుంది. నిలబెడితే ఆరినట్టు, పడుకోబెడితే ఆరనట్టు. ఇన్నేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా నడుస్తున్న సంభాషణ అంతే.

మొన్న ఆదివారం చర్చిలో జోజమ్మ మోకరిల్లి లేవలేక బల్ల పట్టుకుని వేలాడింది. మగ్దలేనమ్మ లేచేలోపు ఇంకెవరో చెయ్యి అందించారు. అది చూసిన దగ్గర్నుంచీ ఆవిడకి మనసు మనసులో లేదు. ఈసారి సబ్బు గోడ మీదకి తిరిగి రాగానే, ఎలా పెట్టినా సరే, జోజమ్మని పిలిచి ఆనాటి మాట వెనక్కి తీసుకోవాలని నిశ్చయించుకుంది. ఈ రోజు తెల్లవారుతూనే, బల్ల మీద ఆరబెట్టిన వాటిలోంచి ఒకటి గోడ మీద పెట్టింది. పళ్ళు తోముకుని వచ్చేసరికి సబ్బు అక్కడ లేదు. ప్రాణం కుదుటపడింది.

ఎండెక్కాక కిరాణాకొట్టు కామేశ్వరి వచ్చింది.

“రేపు మా మనవడికి పురుటిస్నానమండీ మగ్దలేనమ్మగారూ. అమ్మాయి మీ సబ్బే కావాలంటోంది.”

“అవతలికెళ్ళిందండీ. ఇంకా రాలేదు.”

“బల్ల నిండా ఉన్నాయి కదండీ! ఒకటిచ్చేద్దురూ.”

“పసిగుడ్డండీ. ఆవిడ చూడందే ఎలా ఇస్తాను?”

“పోనీ ఒక్క కేకెయ్యండి. ఈ కాస్త గోడేగా అడ్డం?”

మగ్దలేనమ్మ తెడ్డుకంటిన సబ్బు గీకుతూ, “తొందరపెడితే ఆవిడకి కోపం. సాయంత్రం రండి,” అంది. కామేశ్వరి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అచ్చులో పోసిన సబ్బు మీద గోనెపట్టా కప్పింది. గంజి తాగింది. గోడ వైపు చూసింది. గోడ బోసిగా ఉంది. బెట్టు చేస్తోంది, చెయ్యనీ అనుకుంది. తన మనసులో ఏముందో కనిపెట్టేసి ఏడిపిస్తోందేమోనని కూడా అనిపించి, తనలో తనే నవ్వుకుంది. జీడి దంచుతూ చూసింది, నీళ్ళు తోడుతూ చూసింది. చెప్పాల్సిన మాట నోట్లో నానుతూనే ఉంది.

దీపాల వేళకి ఇంక ఉండబట్టలేక గోడ దగ్గరికెళ్ళింది. గోడ మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. రెండోసారికి, “జోజీ!” అంది. ఆ పేరు పిలిచి ఎన్నాళ్ళయిందో, తన గొంతే తనకి కొత్తగా వినిపించింది.

పలుకు లేదు. చుట్టు తిరిగి వెళ్ళి తలుపు తోసింది. జోజమ్మ పడక్కుర్చీలో తల వాల్చి ఉంది. సబ్బు ఒళ్ళో ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

కేక విని పక్కింటి ఆరోగ్యం పరిగెత్తుకొచ్చాడు. డాక్టరుని తీసుకొచ్చాడు. ప్రాణం పొద్దున్నే పోయుంటుందన్నాడు ఆయన. మగ్దలేనమ్మ పెరట్లో తెడ్డు తిప్పుతున్నప్పుడన్నమాట. గోడకి ఇటు పక్కనే.

మర్నాడు మట్టి చేశారు. కామేశ్వరి కూడా వచ్చింది, సబ్బు మాట ఎత్తలేదు. అందరూ వెళ్ళిపోయాక మగ్దలేనమ్మ జోజమ్మ గదిలో ఒక్కతే మిగిలింది. ఖాళీ కుర్చీ కాళ్ళ దగ్గర చతికిలబడింది.

“ఆగిపోద్దే, జోజీ,” అంది. “నువ్వు లేకపోతే ఆగిపోద్ది.” చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కుర్చీ పక్కన స్టూలు మీద, నాలుక మండితే పుక్కిలించుకోవడానికి జోజమ్మ తెచ్చి పెట్టుకున్న గ్లాసుడు నీళ్ళు, మూత తియ్యకుండా అలాగే ఉన్నాయి.