పిలిస్తే వచ్చేవాడు

మద్రాసు రాయపురంలో భక్తవత్సలం నడిపే అద్దె లైబ్రరీలో తెలుగు పుస్తకాలకు ఒకే ఒక్క బీరువా ఉండేది. సినిమా పనులు హైదరాబాదుకు తరలిపోతున్న రోజులవి. కోడంబాకంలో ఇళ్లు ఖాళీ చేసే తెలుగువాళ్లు పాతపేపర్ల కొట్టుకు తూకానికి వేసిన పుస్తకాలను ఏరి తెచ్చి ఆయన ఆ బీరువాలో సర్దేవాడు. వాటిని చదివేవాళ్లు నలుగురో అయిదుగురో. అందులో ఆబగా చదివేది తాయారు ఒక్కతే.

తాయారుకు ముప్పై రెండేళ్లు. తిరువొత్తియూరులో బట్టలు కుట్టే కంపెనీలో పని. భర్త ధనుంజయ చేపల లాంచిలో ఇంజను మెకానిక్కు. మూడేళ్ల కిందట తుఫాను రేగినప్పుడు సముద్రంలో ఉన్న ఆ లాంచి మళ్లీ రేవుకు రాలేదు. అందులోని నలుగురిలో ముగ్గురి శవాలు ఎన్నూరు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ధనుంజయ మాత్రం దొరకలేదు.

"దొరకలేదంటే చచ్చినట్టా? ఏ ఊరి ఒడ్డునో పడుంటాడు. వస్తాడు," అంది అతని తల్లి కన్నాంబ. కర్మ చేయనివ్వలేదు. కోడలి నుదుటి బొట్టు తీయనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకు గడపలో నిలబడి, "ఒరే ధనా, అన్నం ఆరిపోతా ఉంది, రారా!" అని సముద్రం దిక్కుకు కేకేసేది. ఆ కేక విని ఇరుగుపొరుగు మొదట్లో కళ్లు తుడుచుకునేవాళ్లు. తర్వాత తర్వాత అలవాటు పడిపోయారు.

తాయారుకు ఏడవడానికి ఆ ఇంట్లో చోటు లేకపోయింది. వస్తాడంటున్న మనిషి కోసం కన్నీళ్లు పెడితే అత్త ఊరుకోదు. అందుకే పుస్తకాల్లో తల దూర్చింది. హత్యలు, మాయమైన మనుషులు, పాడుబడ్డ బంగళాలు, ఏది దొరికితే అది చదివేసేది.

ఒక శనివారం సాయంత్రం చదివిన పుస్తకాన్ని భక్తవత్సలం బల్ల మీద పడేసింది.

"ఏందన్నా ఇవి? ఇరవయ్యో పేజీకే తెలిసిపోతా ఉంది ఎవుడు చంపినాడో. తప్పిపోయినోడు ఆఖర్లో దొరికేస్తాడు. నిజంగా అట్ట జరగతాదా? దయ్యాల కతలు చూస్తే అవీ అంతే. తెల్లచీర, కాలిగజ్జెలు. నవ్వొస్తా ఉంది గానీ బయం లేదు."

భక్తవత్సలం అరవై దాటిన మనిషి. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. తర్వాత వంగి, బీరువా అడుగు అర నుంచి అట్ట ఊడిపోయిన పుస్తకమొకటి తీశాడు.

"రాసిందెవురో నాకూ తెలీదమ్మా, మొదటి కాగితాలు పోయినాయి. ఈ బీరువాలో చదవాల్సిన పుస్తకమంటే ఇదే. మా ఇంటామె పోయినాక నేను మళ్లా దీన్ని ముట్టలేదు. నీకూ అందుకే ఇన్నాళ్లు ఇయ్యలేదు."

మర్నాడు ఆదివారం. కన్నాంబ ఆకుకూర ఒలుచుకుంటూ, "ఊరికే పెదాలు కదిలిస్తావేమి, గట్టిగా చదవమ్మీ," అంది. తాయారు పైకి చదవసాగింది.

అది ఉప్పు నిలవ చేసే కొటారు కాపలాదారు భార్య కథ. భర్త కాలువలో పడి చనిపోతాడు. ఆమె ఓర్చుకోలేక రోజూ పేరు పెట్టి పిలుస్తుంది. ఒకరోజు అతడు నిజంగానే వస్తాడు. ఒళ్లంతా తడి. ఏమీ తినడు, ఆమె ఎదుట కూర్చుని వెళ్లిపోతాడు. పిలిచినప్పుడల్లా వస్తాడు. కానీ ఒకసారి బిడ్డ పేరు మరిచిపోయి వస్తాడు. ఇంకోసారి ఆమె పేరు గుర్తుండదు.

తాయారు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పుస్తకం మూసేసింది.

కన్నాంబ ముఖం మాత్రం వెలిగిపోతోంది. "దయ్యమైతే ఏమి? వచ్చినాడు కదా! ఆ తల్లి పుణ్యం చేసుకుంది," అంది. ఆ రోజు గడపలోకి వెళ్లి ఎన్నడూ లేనంత గట్టిగా పిలిచింది.

వారం పొడుగునా అంతే. ఆమె గొంతు బొంగురుపోయింది. తాయారు మిగిలిన కథను రైల్లో ఒంటరిగా చదివి ముగించి, సంచి అడుగున దాచేసింది. మంచి పుస్తకాన్ని తెచ్చి ముసలామెకు చేటు చేశానా అని కుమిలిపోయింది.

మళ్లీ ఆదివారం వచ్చింది.

"ఆయమ్మ కత ఏమైంది?" అడిగింది కన్నాంబ.

"ఇద్దరూ కలిసి సుకంగా ఉన్నారత్తా."

"అబద్దం చెప్పొద్దు. నీ మొగంలోనే తెలస్తా ఉండాది. తీసి చదువు."

తప్పలేదు. తాయారు చదివింది. చివరిసారి వచ్చినప్పుడు అతడికి ముఖం కూడా సరిగా ఉండదు. గుమ్మంలో నిలబడి దిక్కులు చూస్తాడు. 'ఎవరో పిలిచారు. చాలా దూరం నడిచాను. ఎందుకు వచ్చానో తెలియడం లేదు. నన్ను పడుకోనివ్వండి,' అంటాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని, ఇక పిలవకుండా ఉండిపోతుంది. కథ అంతే.

కన్నాంబ లేచింది. అన్నం వండింది. వేళయ్యాక గడపలోకి వెళ్లి నోరు తెరిచింది. మాట రాలేదు. చాలాసేపు అట్లాగే నిలబడి, వెనక్కొచ్చి గోడకు చేరగిలబడింది.

"నేను పిలస్తా ఉంటే వాడు ఏడ పడుకుంటాడమ్మీ? మూడేండ్లుగా నడస్తానే ఉన్నాడేమో నా బిడ్డ."

తాయారు ఆమె తలను ఒడిలోకి లాక్కుంది.

అమావాస్యనాడు సముద్రపు ఒడ్డున కర్మ జరిగింది. శవం లేదు గనక పురోహితుడు దర్భలతో మనిషి బొమ్మ కట్టించాడు. ధనుంజయ చిన్నాన్న కొడుకు సుందర్‌రాజ్ దానికి నిప్పు పెట్టాడు. కన్నాంబ మోకాటిలోతు నీళ్లలో నిలబడి, "పడుకో నాయనా. ఇంక పిలవను," అంది. కోడలి బొట్టు తీయబోయిన ఆడవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. "అది దాని ఇష్టం," అని తరిమేసింది.

శనివారం పుస్తకం తిరిగిచ్చినప్పుడు భక్తవత్సలం అడిగాడు.

"బయపడినావా అమ్మా?"

"బయపడినా అన్నా. మా అత్త నాకన్నా బాగా చదివింది దాన్ని."

చదువు రాని కన్నాంబ ఎట్లా చదివిందని ఆయన అడగలేదు. పుస్తకాన్ని అడుగు అరలోనే పెట్టాడు.

సోమవారం ఉదయం తాయారు రాయపురంలో రైలెక్కింది. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. తండయారుపేట దాటేసరికి ఏడుపు వచ్చింది. ఆపుకోవాలనుకుంది గానీ సాధ్యం కాలేదు. వస్తాడు వస్తాడన్న అత్త మాటను తాను నమ్మలేదని, ఊరికే ఎదురు చెప్పలేదంతేనని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. తానూ దాన్నే పట్టుకుని బతికానని అప్పుడు తెలిసింది. వెక్కిళ్లకు ఒళ్లంతా ఊగిపోయింది.

ఎదుట చేపలగంప పెట్టుకుని కూర్చున్న అంజలై రోజూ అదే రైల్లో వచ్చే మనిషి. లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"ఏమైంది చెల్లీ?" అని తమిళంలో అడిగింది.

"మా ఆయన పోయినాడక్కా."

"అయ్యో దేవుడా! ఎప్పుడు?"

"మూడేండ్లయింది," అంది తాయారు.

 అంజలై గంపను కాలితో పక్కకు జరిపి, తాయారు తలను తన భుజం మీదికి వంచుకుంది. తాయారు దిగాల్సిన తిరువొత్తియూరు వచ్చింది. దిగేవాళ్లు దిగారు. తాయారు లేవలేదు. రైలు ఆమెను తీసుకుని ముందుకు సాగిపోయింది.