టుంపా వాటా

ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో ఉండే తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా. ఆదివారం గుడికి పట్టుకెళ్లి ఇచ్చేస్తారు. ఏంజలిన్ కూడా వేస్తుంది. కాకపోతే ఆమె దృష్టిలో ఆ పిడికెడు టుంపాది.

టుంపా ఎవరంటే, ఎవరో అమ్మేయబోతుంటే రైల్లోంచి దింపి విడిపించిన బెంగాలీ పిల్ల. అలాంటి పిల్లల కోసం సుభాష్‌పల్లిలో ‘విడుదల నిలయం’ ఉంది. గుడిలో పోగైన బియ్యం, కానుకలు అక్కడికే వెళ్తాయి. నిలయం బాధ్యతలు చూసే సత్యవేదంగారు, ఇచ్చేవాళ్లని ఒక్కొక్కరినే పక్కకి పిలిచి ఒక పిల్ల పేరు, ఆనవాళ్లు చెబుతారు. ఆ పిల్ల నీది, ప్రార్థనలో తలుచుకో, పేరు మాత్రం మూడోవాళ్ల చెవిన పడితే దాని ప్రాణానికే ముప్పు అంటారు. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదనే మగమహారాజులు ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి వచ్చి చూడాలి. ఏళ్ల తరబడి ఒక్కరూ పేరు పైకి అనలేదు.

ఏంజలిన్‌కి పిల్లల్లేరు. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసిన భర్త పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, ఆ దగ్గర్లోనే ఒక గది అద్దెకి తీసుకుంది. టుంపా లేకపోతే మాట్లాడే దిక్కులేక ఆమె నోరు తుప్పు పట్టేదే. చేపల పులుసులో ఉప్పెక్కువైతే, ఎన్నడూ కళ్లతో చూడని ఆ టుంపాకే మనసులో చెప్పుకునేది. గోల్‌బజార్లో బేరమాడి గెలిస్తే టుంపా దగ్గరే గొప్పలు పోయేది. దసరా పూజల సీజన్లో పూల గౌను కొని సత్యవేదంగారి చేతికిచ్చింది. తెగ మురిసిపోయిందమ్మా అని ఆయన చెబితే, ఆ మాట నెమరేసుకుంటూ చాలా రోజులు గడిపింది.

ఎమిలీకి జ్వరమొచ్చిందని తెలిసి ఏంజలిన్ జావ కాచి తీసుకెళ్లింది. ఎమిలీ కూడా ఆమెలాగే ఒంటరిది, వయసులో కాస్త పెద్దదని అప్పా అని పిలుస్తుంది. కళ్లు మూసుకుని మూలుగుతూ ప్రార్థన చేసుకుంటోంది.

“ప్రభువా, నా టుంపాని సల్లగా సూడు తండ్రీ...”

ఏంజలిన్‌కి ముందు అనుమానం రాలేదు, కోపం వచ్చింది. నా టుంపా అనడమేమిటి, ఈవిడ సొమ్మయినట్టు! తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. ఈ ఊళ్లో టుంపా అని కేకేస్తే వీధికి నలుగురు తిరిగి చూస్తారు. అయినా ఉండబట్టలేక అడిగింది.

“ఏ ఊరి పిల్లప్పా?”

“సుందర్‌బన్ అవతలంట. నవ్వితే ఎడమ బుగ్గ సొట్ట పడతాదంట.”

సొట్టతో సహా తన టుంపాయే.

మర్నాడు నిలయానికి వెళ్లింది. పెరట్లో మైకు కట్టిన జీపు ఉంది. దండెం మీద ఆడపిల్ల బట్ట ఒక్కటీ లేదు.

“మా టుంపాని ఓపాలి సూసెల్దామని వచ్చినాను బాబూ.”

“సూడకూడదమ్మా. రూలు.”

“దూరం నుంచే. గొంతైనా ఇంటాను.”

సత్యవేదంగారు కాసేపు కుర్చీ చేతిని గోకారు. మనిషి చెడ్డవాడు కాదు, అదే చిక్కు.

“ఆ పిల్ల ఎప్పుడో ఇంటికెళిపోనాదమ్మా. ఇప్పుడు పిల్లల్ని సర్కారు హోముకే పంపుతున్నారు. ఇక్కడెవరూ నేరు.”

“మరి మా బియ్యం?”

“కొట్టుకి అమ్మేత్తాం. జీపుకి డీజిలు, మైకు, కరపత్రాలు... ఊరూరా తిరిగి తల్లిదండ్రులికి జాగర్త సెప్పాలి గదా. అదీ మంచి పనే.”

“మంచిదే. ఆ మాటే సెప్పి అడగాల్సింది.”

“డీజిలంటే ఎవరిత్తారమ్మా? పిల్ల పేరు సెప్తేనే సెయ్యి కదులుతాది.”

ఇంటికొచ్చి ఏంజలిన్ వెక్కి వెక్కి ఏడ్చింది. కడుపున పుట్టిన పిల్ల పోతే నలుగురూ పలకరింపుకి వస్తారు. ఈ పిల్ల కోసం ఎవరొస్తారు?

శుక్రవారం స్త్రీల ప్రార్థన ఎమిలీ ఇంట్లో జరిగింది. ఆఖర్న ఏంజలిన్ లేచి నిలబడింది. “మీ మీ పిల్లల పేర్లు పైకి సెప్పండి,” అని అడిగింది. చివరికి ఒకావిడ టుంపా అంది. పక్కావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆవిడ పిల్లా టుంపాయే. ఏంజలిన్ తను విన్నదంతా చెప్పింది. ఎవరూ సత్యవేదంగారిని తిట్టలేదు. చెప్పులేసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

తర్వాతి శుక్రవారం ప్రార్థన ఎవరింట్లోనో ఆమెకి కబురు రాలేదు. ఎమిలీ ఇంటికెళ్లి తలుపు కొట్టింది. ఎమిలీ గడపలోనే నిలబడింది.

“నేనేటి తప్పు సేసినానప్పా? మనమిచ్చింది ఎటు పోతందో అడగొద్దా?”

“అడగొచ్చు. నాకూ అనుమానం ఎప్పుడో వచ్చినాది. నేనడగనేదు.”

“ఎందుకూ?”

“పొద్దున్న లెగిస్తే పేరెట్టి పిలుసుకోడానికి నాకొక పిల్ల ఉండీది. అడిగితే పోతాదని అడగనేదు. నువ్వడిగేసినావు. నీదీ పోనాది, నాదీ పోనాది.”

అడగడం తప్పు కాదని ఏంజలిన్‌కి తెలుసు. ఆ మాట మాత్రం ఎమిలీ మొహం చూస్తూ అనలేకపోయింది.

“రేపొత్తానప్పా,” అంది.

ఎమిలీ రమ్మనలేదు, వద్దనలేదు. మెల్లగా తలుపు వేసేసుకుంది.