ఎంగిలి గిన్నె

నేను ఒక వెండి గిన్నెను. జానెడు ఎత్తు, సన్నని నడుము, మూతి దగ్గర చిన్న సొట్ట. ప్రస్తుతం పట్నంలో ఒక గాజు బీరువాలో కాపురం. నాలో ఇప్పుడెవరూ ఏమీ పొయ్యరు. టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చారు కనుక కాసేపు నిలబడి నా మాట వినండి. మీ సంగతి మీ చుట్టాలకంటే నాకే బాగా తెలుసు. వాళ్ళు మీ ముఖాలు చూశారు, నేను పెదవులు చూశాను.

పుట్టుకతో నేను గిన్నెను కాను. రోము నగరంలో ఒక బంటు నడికట్టుకు బిళ్ళగా ఉండేదాన్ని. ఆ రోజుల్లో యేసు పేరు చెప్పుకునేవాళ్ళు బిక్కుబిక్కుమంటూ నేలమాళిగల్లో కూడేవారు. వాళ్ళని పట్టుకురమ్మని మా బంటును పంపారు. తలుపు తన్ని లోపలికి వెళ్తే ఏముంది, ఒక మట్టి ముంత! బానిసలూ యజమానులూ అందులోనే వంతులవారీగా తాగుతున్నారు. దేవుడి సంగతి మా బంటుకు పట్టలేదు కానీ, ఇలా తాగడం మాత్రం రాజ్యానికి మంచిది కాదని వాడి మట్టిబుర్రకు కూడా తట్టింది. అందర్నీ కట్టి తీసుకుపోయాడు.

కొన్ని తరాలు గడిచాయో లేదో చక్రవర్తే ఆ మతంలో కలిశాడు. ఇక చూడండి తమాషా! నిన్నటిదాకా తలుపులు తన్నినవాళ్ళు ఇవాళ ముందు వరసలో నిలబడ్డారు. మట్టి ముంత నామోషీ అయింది. నడికట్టు బిళ్ళలు కరిగించి గిన్నె పోశారు. అలా నేను మతంలో చేరాను. ఇష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. ఉత్తరపు అడవుల్లో మనుషుల్నీ అడగలేదు లెండి. రాజు బాప్తిస్మానికి మునిగితే రాజ్యమంతా మునగాల్సిందే, ఏటిలో మంచు తేలుతున్నా సరే. మీరు దీన్ని దొరల మతం అంటారు గానీ, ఆ దొరల తాతలు ఇంకా చెట్లకు మొక్కుతున్న రోజుల్లోనే తూర్పు వర్తకుల పడవల్లో ఈ మాట కేరళ తీరానికి చేరి, అక్కడ మిరియాల వాసన పట్టేసింది.

తరవాత జర్మను దేశంలో ఒక గుడికి చేరాను. అక్కడ కొత్త కట్టడి: రొట్టె అందరికీ, గిన్నె గురువులకు మాత్రమే. జనం ఒలకబోస్తారట! కొన్ని వందల ఏళ్ళు గురువుల పెదవులు తప్ప ఇంకేమీ ఎరగను. చివరికి మాకూ కావాలని జనం కత్తులు దూశారు. పొరుగువాణ్ణి ప్రేమించమన్నవాడి పేరు చెప్పి పొరుగువాణ్ణి పొడిచారు. ఈ సొట్ట అప్పటిదే. ఆ తరవాత ఓడెక్కి అమెరికా వెళ్ళాను. అక్కడ తెల్లవాళ్ళంతా తాగాక, మేడ మీద అటకలో కూర్చోబెట్టిన నల్లవాళ్ళని దిగి రమ్మనేవారు. అదే గుడిలో ఒకనాడు సభ పెట్టి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, చీకటి దేశంలో వెలుగు నింపి రమ్మని నన్ను మూటగట్టి పంపారు. ఆ చీకటి దేశం పేరు పల్నాడు. బండి దిగేసరికి ఎండకు నా కళ్ళు బైర్లు కమ్మాయి.

రేగులపాడు అని ఒక ఊరు. ధాత నామ సంవత్సరపు కరువులో మాదిగపల్లెలో సగం మంది పోగా, మిగిలినవాళ్ళు గంజి పోసిన దొర దేవుణ్ణి నమ్ముకున్నారు. వాళ్ళే రాళ్ళు మోసి గుడి కట్టారు. బల్లారాధన నాడు, అంటే అందరూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే నాడు, వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని ఏ దేశంలోనూ చూడలేదు. ఊళ్ళో అందరికంటే ముందు బాప్తిస్మం పొందినవాళ్ళు మొదట తాగాలి. తాగి, అందరికంటే కొత్తగా చేరినవాళ్ళకి తమ చేత్తో గిన్నె అందించాలి. ఆ తరవాతే మిగతా సంఘం. మొదటివాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయి, చివరికి ఆ వంతు నక్షత్రమ్మకు మిగిలింది. కరువునాడు చిన్నపిల్ల, ఇప్పుడు పళ్ళూడిన ముసల్ది. నన్ను చింతపండుతో తోమేది కూడా ఆమే.

ఇలా ఉండగా కోటిరెడ్డి మతంలో కలిశాడు. ఊరి పెద్దకాపు. కొడుక్కి విషజ్వరం వస్తే మిషను ఆసుపత్రిలో దొరసాని బతికించింది. అన్యాయంగా మాట్లాడకూడదు, అతని నమ్మకం ఉత్తుత్తిది కాదు. ఇంట్లో విగ్రహాలు తీసేశాడు, బంధువులు వెలివేస్తే భరించాడు. పౌలు కోటిరెడ్డి అయ్యాడు. పేరు ముందు పౌలు వచ్చి చేరాడు గానీ పేరు వెనక రెడ్డి మాత్రం అంగుళం కదల్లేదు.

మిషను దొరగారి ఆనందం అంతా ఇంతా కాదు. అంతలోనే బల్లారాధన గుర్తొచ్చి గుండెల్లో రాయి పడింది. పాదిరి బర్నబా అయ్యగారిని వెంటబెట్టుకుని, నన్ను తోముతున్న నక్షత్రమ్మ దగ్గరికి వచ్చాడు. దొరగారి తెలుగు పుస్తకాల్లో నేర్చిన తెలుగు.

"అమ్మా, ఈ ఒక్క పర్యాయము నీవు వెనుక త్రాగవలెను. నూతన సహోదరునికి కష్టముగా నుండును."

"కష్టమెందుకయ్యా? నా నోట్లో ఏమన్నా పుండు లేసిందా?" అంది నక్షత్రమ్మ.

"అది కాదత్తా," అన్నాడు బర్నబా, "ఆయనొస్తే ఆయనెనకాల రెడ్ల బజారంతా వచ్చుద్ది. కాస్త సర్దుకో."

ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుంది. "నేను ఎనకాల తాగితే నాకు పొయ్యేదేం లేదు నాయనా. ఈ ఊళ్ళో నా చేతి నీళ్ళు ఎవురన్నా తాగారా? దూరంగా నిలబెట్టి, పైనించి మన దోసిట్లో పొయ్యటమే గదా. ఈ గుళ్ళోనన్నా మన చేతిది పుచ్చుకుంటారని మా అమ్మ చెప్పి సచ్చింది. ఆయన పుచ్చుకోకపోతే ఆయన ఇంకా రానట్టే. ఇంకో ఏడాది ఆగి రమ్మనండి."

దొరగారు టోపీ పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళాడు. ఆమె కన్నీళ్ళు నాలో పడ్డాయి. నాకు మాత్రం దొర మీద ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం వచ్చింది. నక్షత్రమ్మ తాగి, పక్కన మోకరించిన కోటిరెడ్డికి నన్ను అందించింది. గుడిలో మెడలన్నీ అటే తిరిగాయి. అతను పుచ్చుకున్నాడు. కళ్ళు మూసుకుని నన్ను ఎత్తాడు. సంఘమంతా స్తోత్రం అని కేకపెట్టింది. అణాపైసలతో సహా తెగిపోయిందనుకున్నారు కులం. దొరగారు ఆ రాత్రే అమెరికాకు ఉత్తరం రాశాడట.

నిజం నా ఒక్కదానికే తెలుసు. అతను పెదవులు బిగించేశాడు. ద్రాక్షారసం వాటిని తాకి, తిరిగి నా అడుక్కే జారింది. పాపం, గుండెదాకా దిగిన దేవుడు ఆ పెదవుల దగ్గర మాత్రం దారి సంపాదించలేకపోయాడు. నక్షత్రమ్మ ఆ సాయంత్రం పాటలు పాడుకుంటూ నన్ను తోమింది. నోరుంటే చెప్పేద్దును. ఆమె ఆనందం చూశాక, నోరు లేకపోవడమే మేలనుకున్నాను.

రెండు నెలలకు కోటిరెడ్డి భార్య ఆదెమ్మకు బాప్తిస్మమైంది. మళ్ళీ బల్లారాధన. ఈసారి కొత్త మనిషి ఆమె. అన్నీ ఆలోచించి పెట్టుకునే కోటిరెడ్డి, పెదవులు బిగించే సంగతి పెళ్ళాంతో చెప్పలేదు. ఆ ఇంట్లో ఏ సంగతీ ఆడవాళ్ళకు చెప్పే అలవాటు లేదు. నక్షత్రమ్మ తాగి ఇచ్చింది. ఆదెమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని గుటకేసి మరీ తాగింది. మొగుడు తాగాడు కదా, తనకేం?

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కోటిరెడ్డి పళ్ళు కొరుకుతూ ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె తెల్లబోయింది. ఆమె గొంతు మామూలుగానే పెద్దది.

"అదేందయ్యా! మరి మీరు తాగలా?"

గుడంతా విన్నది. దొరగారు పుస్తకంలోకి తల దించుకున్నాడు. నక్షత్రమ్మ మెల్లగా నన్ను తీసుకుని అతని దగ్గరికి వచ్చింది. కోపం లేదు ఆ ముఖంలో, అదే నాకు కష్టమనిపించింది.

"అడుగున ఇంకా కాస్త ఉందయ్యా. తాగుతారా, పారబొయ్యమంటారా?"

కోటిరెడ్డి నన్ను చూశాడు, ఆమెను చూశాడు. చెయ్యి సగం లేచింది. అంతలో పైపంచె సర్దుకోవడానికి పోయింది ఆ చెయ్యి. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఆదెమ్మ చేతి వంటే తిన్నాడని, మారు అన్నం కూడా పెట్టించుకున్నాడని మర్నాడు ఊరంతా చెప్పుకున్నారు.

ఆ సంవత్సరమే అమెరికా నుంచి కొత్త సరుకు దిగింది. పళ్ళెం నిండా బొటనవేలంత గాజు గ్లాసులు. ఎవరి గ్లాసు వాళ్ళది. క్షయ అంటకుండా ఉంటుందని దొరగారు చాలాసేపు ప్రసంగించాడు. కోటిరెడ్డి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. నన్ను గుడిలోనే ఒక అద్దాల అల్మారాలో పెట్టారు, తరవాతెప్పుడో అక్కణ్ణించి ఈ బీరువాలోకి మార్చారు. నా కాళ్ళ దగ్గర చీటీ చదివారా? "ఆరోగ్య కారణాల వల్ల వాడుక మానివేయబడినది" అని ఉంటుంది. పూర్తి అబద్ధమని ఎలా అనను? ఏదో రోగం భయమే కదా.

అయితే ఆ చీటీ రాసినవాళ్ళు గ్లాసులొచ్చిన మొదటి ఆదివారం గుడిలో లేరు. నేను అల్మారాలోంచి చూస్తూనే ఉన్నాను. పళ్ళెం వరస వెంట తిరిగింది. కోటిరెడ్డి తన గ్లాసు తను తాగి తృప్తిగా మూతి తుడుచుకున్నాడు. నక్షత్రమ్మ తన గ్లాసు ఎత్తి సగం తాగి, అలవాటు చొప్పున చెయ్యి పక్కకు చాపింది. ఇక అందుకునేవాళ్ళు ఎవరూ అక్కర్లేదని గుర్తొచ్చి, చిన్నబుచ్చుకుని వెనక్కి తీసుకోబోయింది. ఈలోపల పళ్ళెం పక్కనే ఉన్న ఆదెమ్మ ముందుకు వచ్చింది. ఆదెమ్మ దాన్ని మోచేత్తో అవతలికి తోసేసి, ముసలామె చేతిలోని గ్లాసు లాక్కుని మిగతా సగం తాగేసింది.

ఆరాధన అయ్యాక దొరగారు పళ్ళెం చూసి ఒక గ్లాసు నిండుగా మిగిలిపోయిందేమని అడిగాడు. ఎవరో రాలేదేమోనండీ, అన్నాడు కోటిరెడ్డి.