సాయవ్వ పేరున్న రాయి

ఖతార్ ఉత్తరాన ఎడారిలో కొత్తగా గ్యాస్ పైపు వేయబోతున్నారు. తవ్వకం మొదలయ్యేలోపు ఆ దారిలో పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో వెతకాలి. ఆ వెతికే జట్టులో రాజేశం కూలీ. ఆరుగురు మనుషులు ఇరవై మీటర్ల ఎడంతో వరసగా నిలబడి, నేల మీద నుంచి చూపు తీయకుండా నడుస్తారు. కుండపెంకు, ముత్యపుచిప్పల కుప్ప, మనిషి చెక్కిన రాయి ఏది కనబడ్డా ఎర్రజెండా గుచ్చి చెయ్యెత్తాలి. అప్పుడు జట్టు పెద్ద నూరైన్ వచ్చి చూస్తాడు. ఆయనది సూడాన్. యుద్ధంలో విడిచి వచ్చిన ఇల్లు ఇంకా ఉందో లేదో ఆయనకే తెలియదు.

ఆ గాలిలో అరిస్తే తప్ప పక్కవాడికి మాట అందదు. తెల్లారి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో బస్సెక్కి, పొద్దూకి మళ్లీ దిగేదాకా రాజేశం నోట పది మాటలు వస్తే ఎక్కువ. మిగతావాళ్లంతా నేపాలీలు, బెంగాలీలు. పద్నాలుగేళ్లలో ఎన్నో డ్యూటీలు చేశాడు గాని ఇంత మూగపని ఎన్నడూ చేయలేదు.

జనవరిలో ఒకనాడు అతని వరసలో మోకాలెత్తు రాళ్లగోడ తగిలింది. ఉత్తరపు గాలికి అడ్డంగా నెలవంకలా వంచి కట్టారు. లోపల మూడు రాళ్ల పొయ్యి. రాజేశం జెండా గుచ్చి, వంగి చూశాడు. పొయ్యి పక్కన మూరెడు బండ. ఇసుక తుడిస్తే ఏవో గీతలు. అరబ్బీ అనుకున్నాడు. ఇంకాస్త తుడిస్తే తలకట్టు కనబడింది.

సాయవ్వ. దాని కింద, పోతారం.

చిన్నపిల్లల రాతలా ఉంది. వత్తు పక్కకు జారిపోయింది. రాజేశం అక్కడే కూలబడి పైకి చదివాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

నూరైన్ వచ్చి పొయ్యిలోంచి తుప్పుపట్టిన చేపల డబ్బా ఒకటి తీశాడు. ముప్పై ఏళ్లకు మించి ఉండదన్నాడు. మేకలు కాసినవాడెవరో ఇక్కడ ఉండి ఉంటాడు, మన కాగితాల్లో ఇలాంటివాటికి గడి లేదు, జెండా తీసెయ్యమన్నాడు. తర్వాత ఏం రాసుందని అడిగాడు. ఒక ఆడమనిషి పేరు, ఊరు పేరు అని చెప్పాడు రాజేశం. పాతదైతే నిన్ను ముట్టనిచ్చేవాణ్ణి కాదు, పాతది కాదు గనక నీ ఇష్టం, ఏప్రిల్లో తవ్వే మిషన్లు వస్తాయి అని చెప్పి నూరైన్ వెళ్లిపోయాడు.

రాజేశం వైపు జిల్లాల్లో పోతారం అనే ఊళ్లు ఒకటా రెండా. నగరంలోని అల్ మన్సూరాలో సెలూన్ నడిపే తిరుమలకు పది మండలాల మనుషులు తెలుసు. రాజేశం ప్రతి శుక్రవారం అక్కడికి పోయి, వచ్చినవాళ్లను అడుగుతూ కూర్చున్నాడు. నాలుగో శుక్రవారం తిరుమల ఒక నంబరు చేతిలో పెట్టాడు. సాయవ్వ కోడలి ఫోను అది.

రాయి సంగతి రాజేశం రెండుసార్లు చెబితే గాని సాయవ్వకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా చెప్పింది. ఆమె భర్త గంగారాం దుబాయ్ అని పోయి, ఖతార్‌లో నాలుగేళ్లు మేకలు కాసి తిరిగొచ్చాడట. చనిపోయి ఆరేళ్లయింది.

"ఆయినకు సదువు రాదు తమ్మీ. పోయే ముంగట నాతోని పలక మీద రాయించుకొని నేర్చుకున్నడు. నా పేరు, ఊరి పేరు, గంతే. ఉత్తరం మీద రాయాలె గద. లోపలిది ఎవలతోనో రాయించెటోడు, పైన మాత్రం ఆయిన రాతనే."

"గక్కడి ముచ్చట్లు చెప్పెటోడా అక్కా?"

"ఎట్లుంటివయ్యా అంటే, బాగనే ఉంటి అనెటోడు. ఎట్లుంటది తమ్మీ గక్కడ? చెట్టూ చేమా ఉంటయా?"

బాగనే ఉంటది అన్న మాట రాజేశం నాలుక మీదికి వచ్చింది. రోజూ ఇంటికి చెప్పే మాటే అది. దాన్ని మింగేశాడు.

"ఏముండదక్కా. సూపు పోయినంత దూరం రాళ్లే. మనిషి కనబడడు. ఆయిన గాలికి అడ్డం గోడ కట్టుకున్నడు. ఇప్పటికీ ఒక్క రాయి కదల్లే."

"గోడలు మంచిగ కడుతుండె," అంది సాయవ్వ.

ఎవరైనా ఊరికి వస్తుంటే రాయి పంపిస్తానన్నాడు. వద్దంది. ఇంటికొస్తే అందరూ అడుగుతారు, ఏమని చెప్పాలి, పెట్టినాయన పెట్టినచోటే ఉండనియ్యమంది. మిషన్ల మాట రాజేశం చెప్పలేకపోయాడు.

ఆ సాయంత్రం భార్య సునందకు ఫోన్ చేశాడు. తిన్నవా, తిన్న, పిల్లలు మంచిగున్నరా, ఉన్నరు. ఆ నాలుగు మాటలూ అయ్యాక, నేను పనిచేసే చోటు ఎట్లుంటదో చెబుతానన్నాడు. పానం బాగలేదా అని కంగారుపడింది సునంద. బాగానే ఉందని చెప్పి మొదలుపెట్టాడు. ఎడం గురించి, గాలి గురించి చెప్పాడు. అంతలోనే మాటలు అయిపోయాయి. ఇన్నేళ్లు చెప్పనిది ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో తెలియలేదు. సునంద కాసేపు ఎదురుచూసి, పొయ్యి మీద పప్పుందని పెట్టేసింది.

మార్చి ఆఖరి వారంలో, అన్నం వేళకు నూరైన్ తన బండిలో అతన్ని గోడ దగ్గరకు తీసుకుపోయాడు. గోడను ఏమీ చేయలేరు, అది పైపు దారికి సరిగ్గా నడుమ ఉంది. ఇద్దరూ కలిసి బండను ఎత్తి, పైపు దారి హద్దుకు కొట్టిన గుర్తు మేకులు దాటి రెండు వందల అడుగులు మోశారు. అక్కడొక ముళ్లచెట్టు ఉంది. రాజేశం రాయిని అందరికీ కనబడేలా నిలబెట్టబోయాడు. నూరైన్ చెయ్యి పట్టి ఆపాడు. ఇలా నిలబెడితే పదేళ్లలో ఇసుక అక్షరాల్ని తినేస్తుంది, బోర్లా పెడితే ఎన్నేళ్లయినా ఉంటాయి అన్నాడు.

బోర్లా పెడితే చదివేవాడుండడు. రాజేశం కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ముఖం కిందికి చేసి పడుకోబెట్టాడు. చుట్టూ ఉన్న రాళ్లలో అదీ ఒకటైపోయింది. పైపు దారిలో నడవాల్సిన వరసలు ఇంకా పదకొండు ఉన్నాయి. ఇద్దరూ బండి వైపు నడిచారు.